రాజు ఖజానా ఖాళీ అయినప్పుడు పుట్టిన కాగితాలు

పేపర్లో జిల్లా పేజీ చదివేవాళ్లకి "హెబియస్ కార్పస్ పిటిషన్" అనే మాట కొత్తేం కాదు. రాత్రి పూట మఫ్టీలో వచ్చినవాళ్లు కొడుకుని బండెక్కించుకుని పోతారు, పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తే మా దగ్గర లేడంటారు, తల్లి హైకోర్టుకి వెళ్తుంది, ఆ మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టండి అంటుంది కోర్టు. ఆ లాటిన్ మాటకి అర్థం కూడా దాదాపు అదే, నీ చేతిలో ఉన్న మనిషిని తీసుకురా అని. కానీ కాస్త ఆలోచిస్తే ఇదో విచిత్రమైన ఏర్పాటు. పోలీసుకీ, జైలు సూపరింటెండెంటుకీ, జడ్జికీ జీతాలొచ్చేది ప్రజల డబ్బుతో నిండే ఖజానా నుంచే. అలాంటప్పుడు వాళ్లలో ఒకరు ఇంకొకర్ని "ఎందుకు పట్టుకొచ్చావో చెప్పు" అని నిలదీయడం, అవతలివాడు చచ్చినట్టు జవాబు చెప్పుకోవడం ఎక్కడ మొదలైంది?

గ్రూప్స్‌కి ప్రిపేరైనవాళ్లని నిద్రలో లేపి అడిగినా "మాగ్నా కార్టా, 1215, జాన్ రాజు" అని చెప్పేస్తారు, అంటే ఇంగ్లండ్ రాజు జాన్ తన దొరలకి ఇచ్చిన హక్కుల పత్రం, చార్టర్. తప్పేం కాదు. కానీ ఆ ఒక్క ముక్క జవాబు వింటే ఏదో మంచి రోజు చూసుకుని రాజు సంతకం పెట్టాడు, మర్నాటి నుంచి జనానికి స్వేచ్ఛ వచ్చేసింది అనిపిస్తుంది. జాన్ దాని మీద సంతకమే పెట్టలేదు, ఆ రోజుల్లో రాజముద్ర వేయడమే పద్ధతి, ఈకతో రాస్తున్నట్టున్న బొమ్మలన్నీ తర్వాతివాళ్లు ఊహించి గీసినవి. ఆ కాగితం పది వారాలే బతికింది. పైగా అందులో ఎక్కువ భాగం స్వేచ్ఛ గురించి కాదు, డబ్బు గురించి.

కాబట్టి డబ్బు దగ్గరే మొదలుపెడదాం. జాన్ 1204లో ఫ్రాన్స్ వైపున్న నార్మండీని పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలన్న పంతంతో పదేళ్లు ఇంగ్లండ్‌ని పిండాడు. యుద్ధానికి రాని దొర అందుకు బదులు కట్టాల్సిన సొమ్ము ఒకటుండేది, డాలు పన్ను అనుకోండి, దాన్ని వరసపెట్టి వసూలు చేశాడు. దొర చనిపోతే కొడుకు ఆ భూముల్లోకి రావడానికి రాజుకి నజరానా కట్టాలి, అదెంతో రాజు నోట్లోంచి రావాల్సిందే. మొగుడు పోయిన దొరసాని మళ్లీ ఎవర్ని చేసుకోవాలో రాజు చెప్తాడు, వద్దంటే దానికీ ఒక రేటు. విలియం డి బ్రవోజ్ అని ఒకప్పుడు రాజుకి బాగా దగ్గరైన దొర. బాకీలు పడి, రాజుతో చెడి పారిపోతే, ఆయన భార్యనీ పెద్ద కొడుకునీ జాన్ పట్టి తెచ్చి జైల్లో పెట్టించాడు, 1210లో ఇద్దరూ తిండి లేక అక్కడే చనిపోయారు. నేరం ఏమిటని ఎవరూ అడగలేదు, అడిగే చోటు కూడా లేదు.

ఇంత పిండి పోగేసిన డబ్బంతా 1214 జులైలో బువీన్ యుద్ధంలో మట్టిపాలైంది. ఖజానా ఖాళీ, పరువూ ఖాళీ. మరుసటి ఏడాది మే నెలలో తిరగబడ్డ దొరలు లండన్‌ని చేతిలోకి తీసుకున్నారు. జూన్ 15 తేదీతో, థేమ్స్ ఒడ్డున రన్నీమీడ్ అనే పచ్చిక మైదానంలో, ఆ ఒప్పందం తయారైంది.

గొర్రె తోలు మీద లాటిన్‌లో దాదాపు 3,500 మాటలు, పేరాలు లేకుండా ఏకధాటిగా రాసుకుంటూ పోయారు. మనం చెప్పుకునే 63 క్లాజులనే లెక్క తర్వాతి కాలంలో పండితులు వేసుకున్నదే. చదువుతుంటే రాజ్యాంగం చదువుతున్నట్టు ఉండదు, ఊరి రచ్చబండ దగ్గర పంచాయితీ తెగ్గొట్టి రాసుకున్న కాగితంలా ఉంటుంది. దొర వారసుడి నజరానా 100 పౌండ్లు దాటకూడదు. విధవరాలిని బలవంతంగా మళ్లీ పెళ్లి చేసుకోమనకూడదు. థేమ్స్ నదిలో చేపల కోసం అడ్డంగా కట్టిన కట్టలు తీసేయాలి. దేశమంతా సారాయికీ, ధాన్యానికీ ఒకటే కొలత ఉండాలి. రాజు అధికారి ఎవరి ధాన్యమైనా తీసుకుంటే అక్కడికక్కడే డబ్బివ్వాలి, ఎవరి గుర్రాన్నీ బండినీ వాళ్ల ఒప్పుకోలు లేకుండా తోలుకుపోకూడదు. తెలంగాణలో వెట్టి రోజుల కథలు ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్నవాళ్లకి ఇది ఎక్కడిదో మాటలా అనిపించదు. ఊళ్లోకి అధికారి వస్తున్నాడంటే బండి కట్టాలి, కోళ్లు పట్టుకెళ్లి ఇవ్వాలి, పైసా అడగకూడదు. కాలం, దేశం వేరే గానీ నొప్పి ఒకటే.

జరిమానాల గురించిన క్లాజు నాకు మరీ ఇష్టం. తప్పు ఎంతదో జరిమానా అంతే ఉండాలి, అది కూడా మనిషి బతుకుతెరువు మింగేసేలా ఉండకూడదు అంటుంది. వ్యాపారి సరుకు జోలికి పోకూడదు, రైతు సేద్యపు సరంజామా ముట్టుకోకూడదు. అంటే ఎద్దులు, నాగలి తోలుకెళ్లి జరిమానా రాబట్టొద్దని. మన కోర్టులు అప్పు కింద జప్తు చేసేటప్పుడు రైతు పనిముట్లని ఇప్పటికీ వదిలేస్తాయి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉంది.

ఈ చిల్లర మల్లర సంగతుల మధ్యలో, పెద్ద హంగామా ఏమీ లేకుండా, 39వ క్లాజు కూర్చుని ఉంటుంది. స్వేచ్ఛ గల ఏ మనిషినీ అతని సాటివాళ్ల తీర్పు వల్ల గానీ, దేశపు చట్టం వల్ల గానీ తప్ప పట్టుకోకూడదు, జైల్లో పెట్టకూడదు, ఆస్తి లాక్కోకూడదు, దేశం నుంచి వెళ్లగొట్టకూడదు. దాని పక్కనే 40: న్యాయాన్ని ఎవరికీ అమ్మం, ఎవరికీ కాదనం, ఎవరికీ ఆలస్యం చేయం. అమ్మం అని రాయించుకోవాల్సి వచ్చిందంటే అప్పటిదాకా ఏం జరుగుతుండేదో వేరే చెప్పక్కర్లేదు. (ఆలస్యం చేయం అన్నది మాత్రం 800 ఏళ్లు దాటినా ఏ దేశంలోనూ పూర్తిగా నెరవేరినట్టు లేదు, మన సివిల్ కోర్టుల్లో వాయిదాలు తిరిగినవాళ్లని అడగండి.)

"స్వేచ్ఛ గల మనిషి" అన్న దగ్గరే మెలిక ఉంది. అప్పటి ఇంగ్లండ్‌లో దొరల పొలాల్లో కట్టుబడి వెట్టి చేసే రైతులు లక్షల్లో ఉన్నారు. వాళ్లు ఈ మాట కిందికి రారు. అంటే ఇది జనం కోసం రాసింది కాదు, దొరలు తమ కోసం రాయించుకున్నది. దీన్ని దాచిపెట్టి మాగ్నా కార్టాని పొగిడే వ్యాసాలు చదివితే నాకు చిరాకు.

మరి రాజు మాట తప్పితే? దానికి 61వ క్లాజు పెట్టారు, అన్నిటికంటే తెగింపున్న క్లాజు, అన్నిటికంటే పిచ్చిది కూడా. 25 మంది దొరలతో కమిటీ. రాజు తప్పు చేస్తే వాళ్లు చెప్తారు, 40 రోజుల్లో సరిదిద్దకపోతే రాజు కోటలూ భూములూ స్వాధీనం చేసుకోవచ్చు, రాజునీ రాణినీ పిల్లల్నీ మాత్రం ముట్టుకోకూడదు. ఒక రకంగా చట్టబద్ధంగా తిరుగుబాటు చేసే హక్కు ఇది. ఏ రాజైనా దీనికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడా? జాన్ 1213లోనే రాజ్యాన్ని పోప్ పాదాల దగ్గర పెట్టి ఆయన కింద సామంతుడిగా మారాడు కదా, ఇప్పుడు ఆ పోప్ దగ్గరికే మొర పంపాడు. ఆగస్టు 24న మూడో ఇన్నోసెంట్ పోప్ ఆ ఒప్పందం సిగ్గుచేటనీ, అన్యాయమనీ, బలవంతంగా రాయించిందనీ కొట్టిపారేశాడు. మళ్లీ యుద్ధం. 1216 అక్టోబర్‌లో జాన్ చనిపోయేనాటికి ఇంగ్లండ్‌లో సగం అతని చేతిలో లేదు.

అక్కడితో కథ ముగియాలి. ముగియకపోవడానికి కారణం మళ్లీ డబ్బూ, బలహీనతా. కొత్త రాజు మూడో హెన్రీకి 9 ఏళ్లు. ఆయన తరఫున పాలిస్తున్న విలియం మార్షల్ తిరగబడ్డ దొరల్ని తిరిగి తెచ్చుకోవడానికి అదే కాగితాన్ని, 61వ క్లాజు తీసేసి, 1216లో మళ్లీ ఇచ్చాడు. 1217లో ఇంకోసారి. 1225లో హెన్రీకి యుద్ధానికి డబ్బు కావాల్సి వచ్చింది, చరాస్తిలో 15వ వంతు పన్ను కడతాం, చార్టర్ మళ్లీ ఇవ్వమన్నారు, ఇచ్చాడు. ఆ 15వ వంతు సంగతి చార్టర్‌లోనే రాసి ఉంటుంది, రసీదు చింపిచ్చినట్టు. 1297లో ఆయన కొడుకు ఎడ్వర్డ్‌కి ఫ్రాన్స్‌తో, స్కాట్లండ్‌తో యుద్ధాలు, మళ్లీ పన్ను, మళ్లీ చార్టర్. ఈసారి అది చట్టాల చిట్టాలోకి ఎక్కింది, ఏడాదికి రెండుసార్లు పెద్ద చర్చిల్లో జనం ముందు చదివి వినిపించాలన్నారు. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చట్టంగా మిగిలిన మూడు నాలుగు ముక్కలు ఆ 1297 ప్రతివే.

నా లెక్కలో అసలు విషయం ఇదే. హక్కుల కాగితాలు రాజుల దయ వల్ల రాలేదు. రాజు దగ్గర డబ్బు అయిపోయిన ప్రతిసారీ, పన్ను కట్టేవాళ్లు బేరమాడి కొనుక్కున్నారు. కొన్నది చేతిలోంచి జారిపోతే మళ్లీ కొనుక్కున్నారు.

దయతో ఇచ్చిన కాగితం ఎలా ఉంటుందో చూడాలంటే మన దగ్గరే ఒక రాయి ఉంది. బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద, కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం, 1244-45 నాటిది, అంటే మాగ్నా కార్టాకి 30 ఏళ్లు అటు. అప్పట్లో తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఆ తీరం ఏలే రాజువి అయిపోయేవి. ఇంతకుముందు రాజులు అలా బలవంతంగా లాక్కునేవాళ్లని ఆ శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణం కంటే ధనమే గొప్పదనుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం అంటాడు గణపతిదేవుడు. సుంకం 30కి ఒకటి. ఇంగ్లండ్‌లోనూ ఈ ఓడల తగువు ఉండేది, 1275 నాటి చట్టంలో ఓడ పగిలినా అందులోంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ సరుకు రాజుది కాదని రాశారు. పిల్లి బతికితే ఓనరు కూడా బతికిపోయినట్టే.

గణపతిదేవుడికి కీర్తితో పాటు రేవులో ఓడలూ కావాలి, అది తప్పు కాదు, తెలివి. వ్యాపారి ధైర్యంగా వస్తేనే కదా ఆ 30వ వంతు వచ్చేది. రాజు చేయి తనంతట తాను కట్టుకున్న చక్కటి ఉదాహరణ ఇది. కానీ రాజు ఈ మాట తప్పితే ఏమవుతుందో ఆ రాయి మీద లేదు. 25 మంది కమిటీ లేదు, 40 రోజుల గడువు లేదు. కాకతీయులు పోయాక 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో తన శాసనంతో వ్యాపారులకి మళ్లీ అభయం ఇవ్వాల్సి వచ్చింది. అభయం రాజుతో పాటే వస్తుంది, రాజుతో పాటే పోతుంది. చార్టర్‌ని నిలబెట్టింది అందులోని మాటలు కాదు, దాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ రాజు గడప తొక్కిన ఒక గుంపు. కాలక్రమంలో ఆ గుంపే పార్లమెంటైంది.

ఆ "స్వేచ్ఛ గల మనిషి" మెలిక కూడా నెమ్మదిగా విప్పారు. 1354 నాటి చట్టంలో ఆ మాట తీసి, ఏ స్థాయి వాడైనా, ఏ స్థితిలో ఉన్నవాడైనా సరే అని రాశారు. డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా, అంటే చట్టప్రకారం న్యాయమైన పద్ధతి, అన్న మాట కూడా అక్కడే పుట్టింది. తర్వాత దాదాపు 250 ఏళ్లు ఎవరికీ ఇది పెద్దగా అక్కర్లేదు, వదిలేద్దాం.

1626లో చార్లెస్ రాజుకి యుద్ధానికి డబ్బు కావాలి, పార్లమెంటు ఇవ్వనంది. సరే అప్పుగా ఇవ్వండి అని ఊరూరా వసూలు మొదలుపెట్టాడు. పేరుకి అప్పు, తిరిగొస్తుందని ఎవరికీ భ్రమ లేదు. ఇవ్వమన్నవాళ్లని లోపలేశారు. అందులో ఐదుగురు నైట్లు, అంటే నైట్ బిరుదున్న పెద్దమనుషులు, 1627లో హెబియస్ కార్పస్ అడిగారు. కోర్టు జైలర్‌ని అడిగింది, వీళ్లని ఎందుకు పెట్టావని. జైలర్ రాసి పంపిన జవాబు: రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ మేరకు. అంతే. ఏ చట్టం, ఏ నేరం, ఎన్నాళ్లు, ఏమీ లేదు. అప్పు ఇవ్వలేదు కాబట్టి అని రాస్తే ఆ అప్పు చట్టబద్ధమా అని కోర్టు అడగొచ్చు, అందుకే కారణం రాయలేదు. జడ్జీలు తలూపి వాళ్లని మళ్లీ జైలుకే పంపారు.

1628లో పార్లమెంటు కూర్చోగానే రచ్చ ఇదే. అప్పుడు ముందుకొచ్చినవాడు ఎడ్వర్డ్ కోక్, 70లు దాటిన మాజీ చీఫ్ జస్టిస్, రాజుతో గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. దుమ్ము పట్టిన 39వ క్లాజుని బయటికి తీసి, దీనర్థం కారణం చూపకుండా ఎవర్నీ జైల్లో పెట్టకూడదనే అన్నాడు. చరిత్రకారులు ఒప్పుకోరు, 1215 దొరల బుర్రలో ఇదంతా లేదంటారు. నిజమే. కోక్ లేని అర్థం లాగాడు. కానీ ఆ లాగడంతోనే దొరల కాగితం కాస్తా అందరిదైంది. మాగ్నా కార్టా తన పైన ఏ ప్రభువునీ ఒప్పుకోదని సభలో అన్నది కూడా ఆయనే. చార్లెస్‌కి పన్ను కావాలి కాబట్టి జూన్ 7న పిటిషన్ ఆఫ్ రైట్‌కి సరే అన్నాడు. పార్లమెంటు లేకుండా పన్ను వద్దు, కారణం చెప్పకుండా జైలు వద్దు, ఇళ్లల్లో సైనికుల్ని దించొద్దు. మరుసటి ఏడాదే పార్లమెంటుని పంపేసి 11 ఏళ్లు దాన్ని పిలవకుండా ఏలాడు. చివరికి 1649లో తల పోయింది.

1679లో హెబియస్ కార్పస్ చట్టం వచ్చింది, ఇందులో గొప్ప మాటలేమీ ఉండవు, అన్నీ లెక్కలే. జైలు 20 మైళ్ల లోపు ఉంటే 3 రోజుల్లో మనిషిని తేవాలి, 100 మైళ్ల లోపైతే 10 రోజులు, ఇంకా దూరమైతే 20. మాట వినని జైలర్‌కి మొదటిసారి 100 పౌండ్ల జరిమానా, రెండోసారి 200. సెలవుల్లో రిట్, అంటే మనిషిని తెమ్మనే ఆజ్ఞ, ఇవ్వనన్న జడ్జికి 500, అదీ ఖైదీకే. నన్నడిగితే ఇదే అసలు విప్లవం. హక్కు అన్న మాటకి ఎన్ని రోజుల్లో, ఎవరు, లేకపోతే ఎంత అని మూడు అంకెలు తగిలించాక గానీ అది పని చేయదు. ఓటింగ్ రోజు లెక్కపెట్టేవాడు ఒక బాగా లావుపాటి లార్డుని సరదాకి పదిమందిగా లెక్కేస్తే అవతలివాడు గమనించలేదనీ, అందుకే బిల్లు నెగ్గిందనీ ఆ కాలపు బిషప్ ఒకాయన రాసిపెట్టాడు. కథే కావచ్చు. 1689 నాటి బిల్ ఆఫ్ రైట్స్ తర్వాత రాజు చట్టాల్ని పక్కన పెట్టలేడు, పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయలేడు, అది ఒప్పుకోకుండా శాంతి కాలంలో సైన్యాన్నీ ఉంచుకోలేడు. అమెరికావాళ్లు అందులో కొన్ని ముక్కల్ని దాదాపు ఉన్నదున్నట్టు దించుకున్నారు.

ఇంత గొప్పగా చెప్పుకునే ఇంగ్లీషువాళ్లు ఇక్కడ ఏం చేశారు? బెంగాల్‌లో 1818లో, మన తెలుగు జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1819లో రెగ్యులేషన్లు తెచ్చి, రాజ్య ప్రయోజనం పేరుతో విచారణ లేకుండా మనిషిని లోపలుంచే వీలు పెట్టుకున్నారు. ఐదుగురు నైట్ల జైలర్ రాసిన జవాబునే ఇక్కడ చట్టం చేశారన్నమాట.

మన రాజ్యాంగం రాసేటప్పుడు, మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ ఆర్టికల్ దగ్గర పెద్ద చర్చ. మొదట డ్యూ ప్రాసెస్ అని ఉండేది, అది తీసి చట్టం నిర్ణయించిన పద్ధతి అని పెట్టారు. ఆ మార్పుని సమర్థించినవాళ్లలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. అమెరికాలో జడ్జీలు ఆ మాట పట్టుకుని కార్మిక చట్టాల్ని కొట్టేశారు, ఇక్కడా అలా సంస్కరణలకి అడ్డుపడతారన్నది భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు. కానీ దాని ఖరీదు 1950లోనే తెలిసింది. విచారణ లేకుండా జైల్లో పెట్టిన కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం ఉందా, ఉంది, పద్ధతి పాటించారా, పాటించారు, అది న్యాయంగా ఉందా అని మేం అడగం అంది. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, అదీ పోయింది. అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకి రావడానికి లేదని 4-1 తేడాతో తీర్పు. పోలీసు పగతో మనిషిని చంపేసినా దిక్కు లేదా అని వాదనల్లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంత కాలం లేదన్నారు అటార్నీ జనరల్. కాదన్న ఆ ఒక్కరూ ఖన్నానే, తర్వాత ఆయనకి రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి రాలేదు.

1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కారణం అడిగితే, ప్రజా ప్రయోజనం రీత్యా కారణాలు చెప్పలేం అని జవాబు. రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ 350 ఏళ్ల తర్వాత టైపు మిషను మీద కొట్టుకుని వచ్చింది. అడిగిందేమో ఎమర్జెన్సీ పెట్టినావిడ కోడలు, ఇచ్చిందేమో ఎమర్జెన్సీని తిట్టి గెలిచిన ప్రభుత్వం. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు పద్ధతి అంటే ఏదో ఒక పద్ధతి కాదు, న్యాయంగా, సబబుగా ఉండాలి అంది. అంటే అల్లాడివాళ్లు ముందు గుమ్మంలోంచి పంపేసిన డ్యూ ప్రాసెస్ పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చి కూర్చుంది. అదే ఏడాది 44వ సవరణతో, ఎమర్జెన్సీలో కూడా 21వ ఆర్టికల్‌ని ముట్టుకోకుండా చేశారు.

ఇక మొదట్లో చెప్పిన ఆ తల్లి దగ్గరికి వద్దాం. స్టేషన్ వాళ్లు కోర్టుకి "పై నుంచి ఆర్డర్" అని రాసివ్వలేరు, అది చెల్లదని వాళ్లకి తెలుసు. అరెస్ట్ చేశామంటే 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, కారణం చెప్పాలి. అందుకే వాళ్లకి మిగిలిన జవాబు ఒక్కటే, మా దగ్గర లేడు. దానికి మన హైకోర్టు ఒక్కోసారి లాయర్‌నే కమిషనర్‌గా వేసి స్టేషన్‌కి పంపుతుంది, ఆయన వెళ్లి లాకప్పూ, వెనక గదులూ తలుపులు తీయించి చూసి, ఎవరు కనిపించారో రాసుకొచ్చి కోర్టుకిస్తాడు.